బండికి దూపైతదని

కొత్త బండి తోలేవాడికి ముందుగా పట్టే రోగం గర్వం. నాకూ పట్టింది. గద్వాల పక్క గట్టు మండలంలోని మా ఊరి రైతు ఒకాయన కొత్త పికప్ కొని తాళంచెవి నా చేతిలో పెట్టిన రోజు, దాని ముందు అద్దం మీది దుమ్మును నా తలకు చుట్టుకున్న టవల్‌తో తుడిచాను. "తిన్న పళ్లెం ఎత్తిపెట్టవు గానీ బండిని మాత్రం పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తున్నవ్" అని నా భార్య దెప్పింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

అంతకుముందు చాలా ఏండ్లు నేను బొంబాయిలో ఉన్నాను. మొదట ఇటుకలు మోశాను, తర్వాత అక్కడే టిప్పర్ తోలడం నేర్చుకున్నాను. మా వాడలో మగవాళ్లంతా అట్లా పోయి వచ్చేవాళ్లే. నా భార్య ఇక్కడ చేన్లలో కూలి చేసుకుంటూ బిడ్డను బడికి పంపేది, నేను పండుగకు చుట్టంలా వచ్చి పోయేవాణ్ణి. ఈ పికప్ దొరకబట్టి ఊర్లో నిలబడ్డాను. ఈ పని ఉంటే ఇంట్లో ఉంటాను, పోతే మళ్లీ బొంబాయి బస్సే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు గానీ అందరికీ తెలుసు.

బండి ఓనర్ నాకంటే కొంచెం పెద్దవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. కొందరికి భయమేస్తే చెమటలు పడతాయి, ఈయనకు కోపం వస్తుంది. కౌలు భూమి, బండి కిస్తీ, వాన, అన్నీ నెత్తి మీద పెట్టుకుని తిరిగేవాడు. బండి కింద ఏదైనా తడి కనిపిస్తే చాలు, ఒంగి వేలితో తాకి వాసన చూసేవాడు. చాలాసార్లు అది కుక్క పని.

షోరూం వాళ్లు బండితోపాటు ఒక పుస్తకం ఇచ్చారు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఫిల్టర్ ఎప్పుడు, గేర్ ఆయిల్ ఎప్పుడు అని అందులో అంతా కిలోమీటర్ల లెక్క. మా దగ్గర నడిచేది అమాస లెక్క. అమాస నాడు మా వైపు ట్రాక్టరైనా, లారీ అయినా గడప దాటదు. ఆ రోజు బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచి, కొబ్బరికాయ కొడతారు. నేను చర్చికి పోయేవాణ్ణి. నాకు నిమ్మకాయలతో పని లేదు, కానీ బండి కదలకుండా చల్లగా నిలబడి ఉండే రోజుతో చాలా పని ఉంది. వాళ్లు పూజ చేసుకునేలోపు నేను నా పూజ చేసుకునేవాణ్ణి. ఆయిల్ గేజు లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూడటం. బ్రేక్ ఆయిల్ మట్టం చూడటం. డీజిల్ ఫిల్టర్ అడుగున మర తిప్పి, అందులో చేరిన నీళ్లు వదలడం. వెనుక ఇరుసు గుండు దగ్గర క్రౌన్ ఆయిల్ కారుతున్నదేమో బోర్లా పడుకుని చూడటం. కొత్త బండికి ఇన్ని పరీక్షలెందుకని పాత ట్రాక్టర్ డ్రైవర్లు నవ్వేవాళ్లు. నవ్వేవాళ్ల ట్రాక్టర్లు ఏడాదిలో సగం రోజులు చెట్టు కిందనే ఉండేవి, ఆ సంగతి నేను గుర్తు చేసేవాణ్ణి.

ఆయిల్ మార్చిన రోజు మా ఊర్లో ఒక చిన్న జాతర. ఇంజన్‌లోంచి దించిన నల్ల ఆయిల్‌ను మా వైపు ఎవరూ పారబోయరు. దర్వాజాలకు చెద పట్టకుండా పూస్తారు, ఎద్దుల బండి ఇరుసుకు రాస్తారు, పందిరి గుంజ పాతేముందు దాని అడుగు అందులో ముంచుతారు. మొదటి సర్వీసుకు షోరూం పోయి వచ్చేసరికి ఓనర్ ఇంటి ముందు నలుగురు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నల్ల ఆయిల్ ఏది?" అన్నారు.

"షోరూమోళ్లే ఉంచుకున్నరు" అన్నాను.

"మన ఊరి బండి ఆయిలు వాళ్లకెందుకయ్యా?" అని ఒక పెద్దాయన నిజంగానే అలిగాడు. రెండోసారి నుంచి ఆ ఆయిల్‌ను డబ్బాలో పట్టి వెనక్కి తెచ్చేదాకా ఓనర్‌ను ఊరు వదల్లేదు.

ఇక అవ్వ. ఓనర్ తల్లి. నేనే కాదు, ఊరంతా ఆమెను అవ్వా అనే పిలుస్తుంది. చేతిలో ఏదో ఒక పని లేకుండా నేను ఆమెను చూడలేదు. బండి నిలిపే కొట్టం ఒకప్పుడు ఎద్దుల కొట్టం. అవ్వ భర్త పోయిన తర్వాత ఎద్దుల్ని అమ్మేశారు. కొట్టం ఖాళీ అయింది, మేత వేసే గాటిపాట ఖాళీ అయింది, అవ్వకు పొద్దున లేస్తే చేయడానికి పని లేకుండా పోయింది. అట్లాంటి కొట్టంలోకి ఈ తెల్ల పికప్ వచ్చింది. వచ్చిన మొదటి వారమే ఆమె నా పక్కన నిలబడి అడిగింది.

"ఇది ఏం తింటది కొడకా?"

"డీజిల్ తాగుతదవ్వా."

"మరి నీళ్లు?"

నాకు ముచ్చటేసింది. బానెట్ ఎట్లా తెరవాలో, ఊచ పెట్టి ఎట్లా నిలబెట్టాలో చూపించాను. ఆయిల్ పోసే మూత ఇది, బ్రేక్ ఆయిల్ ఇది అని ఒక్కొక్కటే చెప్పాను. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా చూపించి "ఇదే దీని నీళ్ల తొట్టి" అన్నాను. అందులో ఉండేది మామూలు నీళ్లు కాదనీ, ఎర్రరంగు కూలెంట్ అనీ, కంపెనీ వాళ్లే నింపి పంపుతారనీ కూడా చెప్పాను. ఆమె తలూపింది. పెద్దవాళ్లు తలూపితే అర్థమైందని కాదు, విన్నామని అంతే. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఏడాది బండి బాగా తిరిగింది. వేరుశనగ గద్వాల మార్కెట్‌కు, గొర్రెలు వనపర్తి సంతకు, పెండ్లి సామాన్లు నాగర్‌కర్నూల్ దాకా. మిరప కోతల కాలం వచ్చేసరికి మా వాడ ఆడవాళ్లను మానవపాడు వైపు చేన్లకు తీసుకుపోయేవాణ్ణి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. ఆ చట్టం రాసిన వాళ్లు తెల్లారేసరికి మానవపాడులో ఉండాల్సిన అవసరం లేనివాళ్లు. రోజూ బండి తీసేముందు బానెట్ ఎత్తి తెల్ల డబ్బా చూసేవాణ్ణి. ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. "ఒక్క చుక్క తగ్గలే, కొత్త బండంటే గిట్ల ఉండాలె" అని ఓనర్‌కు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. షోరూంలో కూడా మట్టం చూసి సరే అన్నారు. ఓనర్ కొని ఇచ్చిన కూలెంట్ డబ్బా సీలు తీయకుండా కొట్టంలో అటక మీద ఉండేది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, మానవపాడు నుంచి తిరిగి వస్తున్నాం. గద్వాల దాటి గట్టు రోడ్డు ఎక్కాం. వెనుక ఆడవాళ్లు మిరప ఘాటుకు తుమ్ముకుంటూ, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుకుంటూ ఉన్నారు. వాళ్లలో నా భార్య కూడా ఉంది. స్టీరింగ్ ముందు మీటర్లో ఎప్పుడూ మధ్యలో నిలబడే వేడి ముల్లు పైకి పాకడం చూశాను. చూస్తుండగానే ఎర్ర లైటు వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. ముందు నుంచి ఆవిరి బుస్సుమని లేచింది. ఆడవాళ్లంతా కిందికి దుమికారు.

ఫోన్ చేస్తే ఓనర్ ఊర్లోంచి బైకు మీద వచ్చాడు, గద్వాల నుంచి మెకానిక్ వచ్చాడు. బండి చల్లారిన తర్వాత మెకానిక్ కింద పైపు విప్పాడు. టీ నీళ్ల లాంటి తుప్పు నీళ్లు రోడ్డు మీదికి కారాయి. వాటిలో తెల్లని పెచ్చులు. మా బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే సున్నం అదే. ఆ తెలుపు మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది.

"దీంట్ల కూలెంట్ లేదన్నా" అన్నాడు మెకానిక్. "అంత బోరు నీళ్లే. రేడియేటర్ అంత సున్నం పట్టి మూసుకపోయింది. జర టైమ్‌కు ఆపిండు గాబట్టి ఇంజన్ మిగిలింది."

చివరి మాట ఓనర్ చెవిన పడలేదు.

"బోరు నీళ్లా? అటక మీద డబ్బా ఉండంగ బోరు నీళ్లు పోస్తవా?" అన్నాడు నా మీదికి వచ్చి.

"నేను పోయలేదన్నా. అది తగ్గనే తగ్గలేదు."

"ఏ బండికన్న ఏడాదిల జరంత తగ్గకుంటదా? బద్ధకం పుట్టి నల్లా నీళ్లు పోసి చేతులు దులుపుకున్నవ్. కూలోని చేతికి కొత్త బండి ఇస్తే గిట్లనే ఉంటది. నాది బుద్ధి తక్కువ. తాళం ఇంటికాడ ఇచ్చి పో."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది అంటారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆడవాళ్లంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు, ఎందుకంటే వాళ్లంతా కూలి మనుషులే, ఆ మాట అందరికీ ఒకేసారి తగిలింది. నా భార్య మాత్రం నేల చూడలేదు. నన్ను చూసింది. నేను సమాధానం చెప్తానని చూసింది. నాకు కోపం వస్తే నోరు పెద్దదే, కానీ ఆ రోజు నా బుర్రలో ఒకటే మాట తిరుగుతున్నది. నేను పోయలేదు, మరి నీళ్లు ఎక్కడివి? 

బండిని ట్రాక్టర్‌కు కట్టి గద్వాల షెడ్డుకు లాక్కుపోయారు. సాయంత్రం నేను తాళంచెవి ఇవ్వడానికి ఓనర్ ఇంటికి పోయాను. ఆయన ఇంకా రాలేదు. అవ్వ ఖాళీ కొట్టం ముందు కూర్చుని చేటలో ఏవో గింజలు ఏరుతున్నది. నన్ను చూసి పక్కకు జరిగి అడిగింది.

"కొడకా, బండిని యాడనో ఇడిసిపెట్టి వచ్చినవంట గదా. మరి ఆడ దానికి పొద్దుగాల నీళ్లు ఎవరు పోస్తరు?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. 

"అవ్వా, నువ్వు రోజూ పోస్తుంటివా?"

"పోయకుంటే ఎట్ల? నువ్వు రాకముందే పోస్తుంటి. నీళ్లు చూపియ్యకుండ ఎద్దును కాడి కింద పెడ్తమా? దానికి దూపైతది గదా. రోజూ జరంత తాగుతుండె పాపం. అయినా నువ్వు అంత దూరంకెళ్లి నడిచొస్తవు, నీకు ఒక పనన్న తక్కువైతదని."

అప్పుడు నాకంతా అర్థమైంది. ఆమె డబ్బాను మూతి దాకా నింపుతుంది. బండి వేడెక్కితే లోపలి నీళ్లు ఉబ్బి, ఎక్కువైనవి మూతలోంచి బయటికి పోతాయి. పొద్దునకు మట్టం కొంచెం దిగుతుంది. బండికి దూపైంది, తాగింది అనుకుని ఆమె మళ్లీ నింపుతుంది. రోజూ కొంచెం కూలెంట్ బయటికి, కొంచెం బోరు నీళ్లు లోపలికి. నేను వచ్చి నిండు డబ్బా చూసి మురిసిపోవడం. మట్టం చూశాను గానీ రంగు ఎందుకు వెలిసిందని చూడలేదు. మా ఎండలకు వెలవని రంగు ఏముంది అనుకున్నానేమో.

కోపం రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. ఈ ముసలావిడ చెంబు నీళ్లతో నా సంసారం బొంబాయికి పోతున్నది అనిపించింది. ఆమె మొహం చూస్తే మాత్రం ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అయినా చెప్పాను. దాచి నేనేదో త్యాగం చేసినట్టు తిరగడం నాకు చేతకాదు. ఆ నీళ్లే లోపల సున్నం పట్టి బండి ఆగిందని, మెల్లగా, రెండుసార్లు చెప్పాను.

అవ్వ చేట కింద పెట్టింది. 

"మావోడు నిన్నేమన్న అన్నడా?"

అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎవరి ముందట?"

"అందరి ముందట అవ్వా. మా వాడోళ్లంత ఉండిరి."

"సరే. తాళం ఆ గోడ మొలకు తగిలియ్యి. ఇంటికి పో కొడకా" అంది. అంతే.

ఇంట్లో నా భార్య పొయ్యి ముందు కూర్చుని నన్ను కడిగి ఆరేసింది. "నోరు లేదా నీకు? నేను పోయలేదని మళ్లొక్కసారి గట్టిగ అనొద్దా? కూలోని చెయ్యంట! ఆ కూలోళ్లు ఏరకుంటే వాళ్ల మిరప చేన్ల మీదనే ఎండుతది." అవ్వ సంగతి చెప్పాను.  ఆమె గొంతు తగ్గించి, "ముసలామె కొడుకుకు చెప్తదా? చెప్తే ఆమెకే తిట్లు. మనకోసం ఎవరు తిట్లు పడ్తరు?" అంది.  మా బిడ్డ రొట్టె తుంచుకుంటూ, "నాయినా, మళ్ల ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. చుట్టాన్ని అడిగినట్టే అడిగింది. నేను రొట్టె తింటున్నట్టు నటించాను.

తెల్లవారి ఆడవాళ్లంతా ఎప్పటిలాగే చర్చి గోడ దగ్గర చేరారు. ఆ రోజు వాళ్లను తీసుకుపోవడానికి వేరే ఆటో రావాలి. నా భార్యతో పాటు నేనూ అక్కడికి పోయాను, ఇంట్లో కూర్చోబుద్ధి కాక. అప్పుడు కనిపించింది అవ్వ. చేతిలో కర్ర లేదు, చెప్పులు లేవు, కొంగు నడుముకు చుట్టుకుని మా వాడలోకి నడిచి వస్తున్నది. ఆ ఇంటి ఆడమనిషి మా వాడలో అడుగు పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె వెనుక ఓనర్, బైకు స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ వస్తున్నాడు. ఎక్కమంటే ఆమె ఎక్కనంది కాబోలు.

అవ్వ ఆడవాళ్ల మధ్యలో నిలబడి ఊపిరి తీసుకుంది.

"నిన్న మీ అందరి ముందట మావోడు ఈయనను ఒక మాట అన్నడంట. ఆ బండిల నీళ్లు పోసింది నేను. రోజూ పోసిన. ఈయన పోయలే, ఈయనకు తెల్వనే తెల్వదు. నాకు తెలివి లేక పోసిన." కొడుకు వైపు తిరిగింది. "ఎవరి ముందట అన్నవో వాళ్ల ముందటనే ఎనక్కి తీస్కో."

"ఇంటికాడ మాట్లాడుదాం పా అవ్వా" అన్నాడాయన, బైకు హ్యాండిల్ చూస్తూ.

"నిన్న ఇంటికాడ అన్నవా?"

ఆయన మొహం కందిపోయింది. అంత మందిలో ఆయన చిన్నపిల్లవాడిలా నిలబడటం చూస్తే, నిన్నటి నుంచి నేను నూరుకుంటున్న మాటలన్నీ మొద్దుబారిపోయాయి.

"తప్పైంది తమ్మీ" అన్నాడు నాతో. ఆగి, ఆడవాళ్ల వైపు చూశాడు. "కూలోళ్లని అన్నది మిమ్మల్ని గూడ అన్నట్టే అయింది. బండి పోయిందని భయమై అన్న. మనసుల పెట్టుకోకుండ్రి."

 ఒక పెద్దామె అవ్వకు కూర్చోమని అరుగు చూపించింది. అవ్వ కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చి నా ముంజేయి పట్టుకుంది. అప్పటిదాకా నిటారుగా ఉన్న గొంతు అప్పుడు వణికింది.

"కొడకా, అది ఇగ లేవదా? నా చేతులతోని నేనే సంపుకుంటినా దాన్ని?"

రాత్రంతా ఆమెను మనసులో తిట్టుకున్నవాణ్ణి నేను. ఆ వణుకు విన్న తర్వాత నాలో తిట్టు ఒక్కటి కూడా మిగలలేదు. "లేస్తదవ్వా. ఇంజన్ మంచిగుంది. రేడియేటర్ ఒక్కటి కొత్తదేస్తరు, కూలెంట్ పోస్తరు. రేపటికల్ల మళ్ల నడుస్తది. ఎవరు తోల్కొస్తరో గానీ..." అని అక్కడ ఆగిపోయాను. ఆ మాట నేను కావాలని అనలేదు. నిజంగానే నాకు తెలియదు.

ఓనర్ బైకు స్టాండు తన్నాడు.

"ఎవరో ఎందుకు తోల్కొస్తరు?" అన్నాడు విసుగ్గా. "రేపు పొద్దుగాల గద్వాల పోదాం. తయారుండు."

అవ్వ వాళ్లు వచ్చినప్పటి నుంచి నా భార్య మాకు వీపు పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ మాటకు ఇటు తిరిగింది. ఆమె ఇంతసేపూ ఏడుస్తున్నదని నాకు అప్పుడే తెలిసింది.